పదిహేడో నంబరు మందారం

మాణిక్యం కత్తెర ఏ మొక్క మీదా ఊరికే వాలదు. ముందు పసుపు నీళ్ళలో మునిగి లేవాలి. పెడనలో ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే మోపెడ్ ముందు భాగంలో ఎర్ర ప్లాస్టిక్ బకెట్టు పెట్టుకుంటుంది. అందులో పాత చీరముక్కలో చుట్టిన కత్తెర, చిన్న స్టీలు డబ్బాలో పసుపు. బందరు చేరేదాకా ఆ డబ్బా బకెట్లో లొడలొడమంటూనే ఉంటుంది. పనింటికి వెళ్ళగానే కుళాయి కింద బకెట్టు నింపి, పసుపు కలిపి, అప్పుడు మొదలు. ఒక మొక్క అయ్యాక కత్తెర ముంచడం, ఇంకో మొక్క. మళ్ళీ ముంచడం, మళ్ళీ ఇంకోటి.

అది వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి. "మనిషికి తెగితే పసుపు అద్దట్లేదూ? మొక్కయితే మాత్రం నొప్పుండదా?" అనేది ఆవిడ. ఆ మాట మాణిక్యం తను పనిచేసే ప్రతి ఇంట్లోనూ చెప్పింది. విన్నవాళ్ళు ముచ్చటపడ్డారు. మాణిక్యం చెయ్యి చల్లని చెయ్యి అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు.

నలభై రెండో ఏడు దాకా ఆవిడ కలంకారీ పనిలోనే ఉంది. భర్త గోపీనాథ్ గుడ్డ మీద అచ్చులు వేస్తే, తను ఆ గుడ్డ ఉడకబెట్టేది. రాగి కాగు కింద కట్టెల పొగ పీల్చి పీల్చి ఆయాసం పట్టుకుంది. "ఇంకోసారి కాగు దగ్గరికి వెళ్ళావంటే నా దగ్గరికి రాకమ్మా" అన్నాడు డాక్టరు. ఖాళీగా కూర్చోవడం ఆవిడకి చేతకాదు. బందరులో ఎవరింటికో పనిమీద వెళ్ళినప్పుడు, అడ్డదిడ్డంగా పెరిగిన మొక్కల కంచె చూసి, అంచు తప్పిన చీరలా ఉందేంటండీ అని, వాళ్ళ కత్తెరే అడిగి తీసుకుని సరిచేసింది. అట్లా మొదలైంది. తొమ్మిదేళ్ళు తిరిగేసరికి పదకొండు ఇళ్ళయ్యాయి. ఊరెళ్తూ గేటు తాళం చేతిలో పెట్టి వెళ్ళేవాళ్ళు కూడా ఉన్నారు.

ఆ పదకొండింట్లో బందరు ఈడేపల్లిలోని సీతామహాలక్ష్మి టీచరు గారి దొడ్డి ఒక్కటీ వేరు. ఆవిడ లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. బదిలీ అయిన ఊళ్ళు తొమ్మిదే అయినా, పరీక్షల డ్యూటీకి, పేపర్లు దిద్దడానికి, ఎన్నికల డ్యూటీకి వెళ్ళిన ఊళ్ళకి లెక్కలేదు. వెళ్ళిన ప్రతి ఊరి నుంచీ తడిగుడ్డలో చుట్టి ఒక మందారం కొమ్మ తెచ్చి నాటేవారు. పామర్రు ముద్దమందారం, తిరువూరు తెల్లది, కోడూరు రేక మందారం, ఘంటసాల పసుపుపచ్చ. మొత్తం ముప్పై నాలుగు మొక్కలు, రెండు వరసలు. ప్రతి మొక్కకీ రేకు ముక్క మీద ఒక నంబరు. రిజిస్టర్లో ఆ నంబరుకి ఎదురుగా ఊరు, సంవత్సరం. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ఆవిడ ఆ వరసల మధ్య నడుస్తుంటే హాజరు తీసుకుంటున్నట్టే ఉండేది.

ఆషాఢం చివర్లో ఆ మొక్కల కొసలు కత్తిరించింది మాణిక్యమే. ఆ రోజు సన్నగా జల్లు పడుతోంది. వానలో కొయ్యడం మంచిది కాదేమో అని ఒకసారి అనిపించింది కూడా. కానీ శ్రావణ శుక్రవారాలకి తోట తీరుగా ఉండాలని టీచరు గారు పట్టుబట్టారు. సరే అని కానిచ్చేసింది. తర్వాత మళ్ళీ ఆ గేటులో అడుగుపెట్టింది భాద్రపదంలో, ఒక గురువారం.

వరండా మీద టీచరు గారు రిజిస్టరు తెరిచి కూర్చుని ఉన్నారు. మెట్ల కింద తోటపని చేసే కృపావరం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని భార్య క్రిస్టినా వెనక గది గుమ్మంలోంచి చూస్తోంది.

"రా మాణిక్యం, నువ్వూ చూడు" అన్నారు టీచరు గారు, కళ్ళజోడు తియ్యకుండానే. "ముప్పై నాలుగులో ఇరవై అయిదు కొసల్నుంచి ఎండుతున్నాయి. అందులో అయిదు మొదలంటా పోయాయి. నెలరోజుల్నుంచి నేను అడుగుతూనే ఉన్నా, ఏం పోశావయ్యా అని. ఇవ్వాళ నోరు విప్పాడు ఈ మహానుభావుడు. బోరు నీళ్ళు పెట్టాడట!"

"రెండ్రోజులేనండీ" అన్నాడు కృపావరం. "శ్రావణంలో ఆ వారమంతా వాన లేదు. కుళాయీ రాలేదు. మొక్కలు వాడిపోతన్నాయని..."

"ఆ బోరు ఉప్పు కషాయమని నీకు తెలీదూ? కోడూరు వాడివి, ఉప్పు సంగతి నీకు నేను పాఠం చెప్పాలా?"

కృపావరం తలొంచుకున్నాడు. నిజమే, ఉప్పు సంగతి అతనికి చెప్పక్కర్లేదు. కోడూరు దగ్గర కౌలుకి చేసిన పొలంలోకి సముద్రం పోటు నీళ్ళు ఎక్కితేనే అతను కాపురం ఎత్తుకుని బందరు వచ్చాడు. నాలుగేళ్ళయింది. వెనక గదిలో ఉంటూ తోట చూసుకుంటాడు. ఇద్దరు ఆడపిల్లలు పక్కవీధి బడిలోనే చదువుతున్నారు. పెద్దది పదో తరగతి.

టీచరు గారు మాణిక్యం వైపు తిరిగారు. "తొమ్మిదేళ్ళ అనుభవం నీది. నువ్వు చెప్పు. ఉప్పు నీళ్ళకి ఇట్లా అవుతాయా, కావా?"

మాణిక్యం మొక్కల వైపు చూసింది. కొసలు నల్లబడి, ఆకులు రాలి, చీపురుపుల్లల్లా నిలబడి ఉన్నాయి. ఆ కొసలన్నీ తను కోసినవే. ఆ ఆలోచన పూర్తిగా పైకి రాకముందే నోట్లోంచి మాట వచ్చేసింది.

"ఉప్పు తగిలితే ఏ మొక్కయినా ఇంతే కదండీ."

"విన్నావా?" అన్నారు టీచరు గారు రిజిస్టరు మూసేస్తూ. "సోమవారం పొద్దున్నకి గది ఖాళీ చేసెయ్ కృపావరం. నాకు కోపం లేదు. కానీ నిన్ను చూస్తే నాకు ఆ ఇరవై అయిదూ కనిపిస్తాయి."

కృపావరం ఒక్కసారి తలెత్తి మాణిక్యాన్ని చూశాడు. ఏమీ అనలేదు. అనుంటే బావుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది ఆవిడ.

వెళ్ళబోతూ మొక్కల దగ్గర ఆగింది. ఎండిన కొమ్మ ఒకటి తుంచి గోటితో బెరడు గీకింది. పైన ఎండిపోయింది, సరే. కిందికి, ఇంకా ఆకులున్న చోట కూడా, ఒకవైపు నల్లటి చార దిగుతోంది. ఆ చార సరిగ్గా తను కోసిన చోట మొదలవుతోంది. నాలుగు కొమ్మలు తుంచి, చీరముక్కలో చుట్టి, ఎవరూ చూడకుండా బకెట్లో పెట్టుకుంది.

మర్నాడు పొద్దున పాసింజరు ఎక్కి గుడివాడ వెళ్ళింది. పెడనలో వాళ్ళ వీధి అమ్మాయి వాణి అక్కడ ఉద్యాన శాఖలో పనిచేస్తోంది. ఆఫీసు ఇంకా తెరవలేదు. బయట మెట్ల మీదే కూర్చోబెట్టుకుని కొమ్మలు విప్పి చూసింది వాణి. సంచిలోంచి చిన్న భూతద్దం తీసింది.

"పిన్నీ, ఇది ఉప్పు కాదు."

కృపావరం తప్పు లేదన్నమాట అని మాణిక్యానికి ఒక్క క్షణం ప్రాణం కుదుటపడింది. మరుక్షణమే, మరి ఎవరి తప్పు అన్న ప్రశ్న ఎదురొచ్చింది.

"ఉప్పయితే ముదురాకుల అంచులు మాడతాయి. నీళ్ళు తగిలిన మొక్కలన్నిటికీ ఇంచుమించు ఒకేసారి వస్తుంది. ఇది చూడు, కొస నుంచి కిందికి దిగుతోంది. ఇక్కడ బెరడు లోపలికి కుంగి, పగిలి పుండులా ఉందా? ఈ ఎండిన బెరడు మీద సూదిమొన పొడుచుకొచ్చినట్టు నల్లచుక్కలు కనిపిస్తున్నాయా? బూజు తెగులు. కొమ్మెండు తెగులంటాం. గాయంలోంచి లోపలికి వెళ్తుంది. వానల్లో మరీనూ."

"గాయమంటే?"

"ఏదైనా. గాలికి విరిగింది, పురుగు తొలిచింది." వాణి కొస మీద వేలు పెట్టింది. "ఇది మాత్రం కత్తెర గాటు. ఎవరు కోశారు పిన్నీ?"

"నేనే."

"మొక్కకీ మొక్కకీ మధ్య కత్తెర కడిగావా?"

"కడక్కుండా ఎప్పుడన్నా కోశానా నేను!" మాణిక్యం గొంతు పెరిగింది. "ప్రతి మొక్కకీ పసుపు నీళ్ళలో ముంచుతాను. అడుగు ఎవర్నయినా!"

"ప్రతి మొక్కకీ కొత్త నీళ్ళేనా?"

మాణిక్యం విప్పిన చీరముక్క మడత పెట్టసాగింది. వాణి రెట్టించలేదు.

"నేను ఖాయంగా చెప్పలేను పిన్నీ. పసుపు మంచిదే. కానీ బకెట్టు నీళ్ళలో గుప్పెడు పసుపు ఈ బూజుని చంపలేదు. తెగులున్న మొక్కని కోసిన కత్తెర అందులో ముంచితే, ఆ నీళ్ళే దాన్ని మోస్తాయి. నువ్వు వెళ్ళి ఎక్కడ మొదలైందో చూడు. ఏ మొక్క నుంచి, ఏ వరసలో."

ఏం చెయ్యాలో కాగితం మీద రాసిచ్చింది. కొమ్మ లోపల కర్ర తెల్లగా కనిపించేదాకా కొయ్యాలి, ఆ కింద ఇంకో నాలుగు వేళ్ళు మంచి కొమ్మ కూడా తియ్యాలి. కోసింది తగలబెట్టాలి. కోతకోసారి కత్తెర స్పిరిటుతో తుడవాలి. కోసిన చోట రాగి మందు ముద్దలా పుయ్యాలి. వాన రోజు కత్తెర ముట్టుకోకూడదు.

తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుందన్న మాటేగానీ ఆవిడకి బయట ఏమీ కనిపించలేదు. తెగులు దానంతటదే మొక్క దగ్గర్నుంచి మొక్క దగ్గరికి పాకిందేమో, గాలికి పోయిందేమో, అంతా కత్తెరదే అని ఎట్లా చెప్తారు అని తనలో తనే వాదించుకుంటూ వచ్చింది. పెడనలో దిగేసరికి తనే గెలిచినట్టు కూడా అనిపించింది.

ఇంట్లో అడుగుపెట్టేసరికి గోపీనాథ్ పనివాళ్ళ మీద అచ్చుల పాక దద్దరిల్లేలా అరుస్తున్నాడు.

"ఎవర్రా నల్లచ్చు తెచ్చి పటిక పెట్టెలో ముంచింది? కళ్ళు నెత్తికెక్కినాయా?"

ఉడకబెట్టి తీసిన గుడ్డ నేల మీద పరిచి ఉంది. ఎర్రగా రావలసిన పువ్వులు బురదరంగులో వచ్చాయి. ఆ పనిలో సంగతి అంతే. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళతో అచ్చు వేస్తారు. నలుపు రావలసిన చోట తుప్పు ఇనుమూ బెల్లమూ నానేసి తీసిన నీళ్ళతో వేస్తారు. నల్లచ్చు ఒక్కసారి పటిక పెట్టెలో మునిగిందా, ఆ తర్వాత ఆ పెట్టెలోంచి వేసిన ప్రతి పువ్వూ చెడినట్టే. వేసేటప్పుడు కంటికి ఆనదు. కాగులో ఉడికితేగానీ బయటపడదు.

గోపీనాథ్ గుడ్డ పక్కన గొంతుక్కూర్చుని, ఒక్కో పువ్వు మీదా వేలు పెట్టుకుంటూ వస్తున్నాడు. "ఇది బానే ఉంది. ఇదీ బానే ఉంది. ఇదీ... ఇదిగో, ఇక్కడ. ఇక్కడ ముంచాడు. ఇక ఇక్కణ్ణుంచి కొసదాకా నాశనం." తలెత్తి భార్యని చూశాడు. "ఏవే, ఎక్కడికి పోయొచ్చావ్ పొద్దున్నే? అట్లా ఉన్నావేంటి?"

"ఏం లేదు" అంది మాణిక్యం. ఆవిడ చూపు అతని వేలి మీదే ఉంది.

శనివారం పదిన్నరకి ఈడేపల్లి చేరింది. టీచరు గారు బ్యాంకుకి వెళ్ళారు. కృపావరం కనిపించలేదు. మాణిక్యం గేటు వేసి, మొదటి మొక్క దగ్గర నిలబడి, గోపీనాథ్ లాగే వేలు పెట్టుకుంటూ నడిచింది.

ఒకటి, పచ్చగా ఉంది. రెండు, మొగ్గలేసింది. మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది. అన్నీ బానే ఉన్నాయి.

తొమ్మిది. పామర్రు ముద్దమందారం. నిలువునా ఎండిపోయి, బెరడు తేలిపోయింది.

ఆ రోజు జల్లులో ఏం చేసిందీ అప్పుడు గుర్తొచ్చింది. తొమ్మిదో మొక్కకి లోపలివైపు ఒక కొమ్మ మీద నల్లటి పుండు ఉంది. చూసింది. అయ్యో అనుకుంది. ఆ కొమ్మ కోసి గోడవతలికి విసిరేసి, కత్తెర పసుపు నీళ్ళలో రెండుసార్లు ముంచి, మంచి పని చేశానని సంబరపడింది కూడా. ఆ నీళ్ళలో ముంచే పదో మొక్క కోసింది. పదకొండు. పన్నెండు.

పది ఎండుతోంది. పదకొండు, పన్నెండు, పదమూడు. నడుస్తూనే ఉంది. పధ్నాలుగు, పదిహేను, పదహారు, అన్నిటికీ కొసలు నల్లగా వేలాడుతున్నాయి.

పదిహేడో దాని దగ్గర ఆగిపోయింది.

అది కోడూరు రేక మందారం. నిండుగా ఆకులు, ఎర్రగా ఏడెనిమిది పువ్వులు. కొసలు ఆకాశంలోకి ఇష్టమొచ్చినట్టు పెరిగి ఉన్నాయి. ఆకుల మధ్య పిడికెడంత కందిరీగల పట్టు వేలాడుతోంది. ఆ రోజు వీటికి జడిసే ఈ ఒక్క మొక్కనీ వదిలేసి పద్దెనిమిదికి వెళ్ళింది తను. పద్దెనిమిది నుంచి ముప్పై నాలుగు దాకా మళ్ళీ అన్నీ ఎండుతున్నాయి.

కృపావరం తవ్విన కాలవ ఒకటో మొక్క నుంచి ముప్పై నాలుగో మొక్క దాకా ఒకటే. ఉప్పు నీళ్ళు పదిహేడుని దాటుకుని పద్దెనిమిదికి ఎట్లా వెళ్తాయి?

మాణిక్యం చుట్టూ చూసింది. ఎవరూ లేరు. ఆ రోజు ఈ మొక్కని వదిలేసిన సంగతి తనకి తప్ప ఎవరికీ తెలీదు. టీచరు గారు గుడికెళ్ళిన టైములో జరిగింది. ఇప్పుడు ఈ కొసలు నాలుగు కోసేస్తే, అన్నిటితో పాటు దీన్నీ కోసినట్టే ఉంటుంది, కొయ్యని మొక్కే బతికిందని ఎవరూ పోల్చుకోలేరు. కందిరీగలకి పొగ పెడితే పోతాయి. పదకొండు ఇళ్ళలో పేరు నిలుస్తుంది. తొమ్మిదేళ్ళు పట్టింది ఆ పేరుకి.

చెయ్యి తనంతట తనే చీరముక్క విప్పింది. కత్తెర నోరు తెరుచుకుంది. ఒక లేత కొమ్మ దాని మధ్యకి వచ్చింది.

"అయ్యో, దాన్ని కొయ్యకక్కా!"

మాణిక్యం అదిరిపడింది. వెనక క్రిస్టినా, చంకలో ఉతికిన బట్టల బుట్ట.

"కందిరీగలున్నాయి గదా, మొహమంతా వాచిపోద్ది. మొన్న ఆషాఢంలో కూడా నువ్వు దాన్ని వదిలేసే వెళ్ళావుగా. నేను ఇక్కణ్ణుంచే చూస్తన్నా. మాణిక్యమక్కకి కూడా భయమేసేది ఒకటుందిలే అనుకున్నా." నవ్వబోయింది. నవ్వు సగంలోనే పోయింది. "సామాన్లు కడుతున్నాం అక్కా. ఆయన గది వెతుక్కోడానికెళ్ళాడు. పిల్ల అన్నం తినట్లేదు. పరీక్షల ముందు బడి మారితే ఎట్టా అని."

క్రిస్టినాకి తెలీదు. తను అన్న మాటకి అర్థం ఏమిటో ఆమెకి తెలీదు. మాణిక్యం చెప్పేద్దామని నోరు తెరిచింది. "సరేనమ్మా, వస్తా" అని మాత్రం అంది. మోపెడ్ ఎక్కాక చూసుకుంటే చెయ్యి ఇంకా కత్తెర పట్టుకునే ఉంది.

ఆదివారం ఇంకో ఇంట్లో పని. నూరువరహాల కంచె. అలవాటుగా బకెట్టు నింపింది, పసుపు కలిపింది, మొదటి మొక్క కోసింది. రెండో మొక్కకి ముందు కత్తెర నీళ్ళ మీదికి తెచ్చి ఆగిపోయింది. ఆ పసుపుపచ్చ నీళ్ళకేసి చూస్తూ ఎంతసేపు నిలబడిందో. ఆ ఇంటావిడ వచ్చి "ఏంటి మాణిక్యం, ఒంట్లో బాలేదా?" అంటే, "అవునండీ, రేపొస్తాను" అని నీళ్ళు పారబోసి వచ్చేసింది. దార్లో మందుల షాపులో స్పిరిటు సీసా కొంది. పురుగుమందుల షాపు సగం షట్టరు వేసి ఉంటే వంగి లోపలికి దూరి రాగి మందు అడిగింది.

సోమవారం ఏడున్నరకే టీచరు గారి గేటు ముందు సామాన్ల ఆటో ఆగి ఉంది. అందులో మంచం కోళ్ళు, గ్యాస్ పొయ్యి, పుస్తకాల మూట. కృపావరం ట్రంకుపెట్టె ఎత్తుతున్నాడు. పిల్లలిద్దరూ బడి బట్టల్లోనే గోడకి ఆనుకుని నిలబడ్డారు. టీచరు గారు వరండా మీద ఉన్నారుగానీ ఇటు చూడట్లేదు.

మాణిక్యం మోపెడ్ ఆటోకి అడ్డంగా ఆపింది.

"అమ్మా, బండి తియ్యి" అన్నాడు ఆటో అతను.

"తియ్యను." ఆవిడ బకెట్టు పట్టుకుని గబగబా మెట్ల దాకా నడిచింది. ఆయాసం వచ్చింది. "టీచరు గారండీ, ఉప్పు కాదండీ. నేను. నా కత్తెర."

టీచరు గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఏంటి?"

"తొమ్మిదో మొక్కకి బూజు తెగులు ఉందండీ. కోసి, అదే కత్తెర బకెట్లో ముంచి మిగతావన్నీ కోశాను. పసుపు నీళ్ళే అంతా మోసుకెళ్ళాయి. కృపావరానికి సంబంధం లేదు."

"మొన్న నువ్వే అన్నావు, ఉప్పు తగిలితే ఇంతే అని."

"అన్నానండీ."

"ఇప్పుడు కాదంటున్నావు. జాలిపడి అంటున్నావా?"

"జాలి కాదండీ."

"అయితే నిరూపించు" అన్నారు టీచరు గారు, బ్లాక్‌బోర్డు దగ్గరికి పిల్లని పిలిచినట్టు. రిజిస్టరు చంకన పెట్టుకుని మెట్లు దిగారు.

మాణిక్యం ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టింది. ఎనిమిది దాకా వచ్చేసరికి టీచరు గారు నడక నెమ్మది చేశారు. తొమ్మిది దగ్గర మాణిక్యం బెరడు మీది నల్లచుక్కలు చూపించింది. పదో మొక్క కొస తుంచి, కోసిన చోటు నుంచి దిగిన చార చూపించింది. టీచరు గారు రిజిస్టర్లో పెన్సిలుతో టిక్కులు పెడుతూ వచ్చారు. పదహారు. ఆ తర్వాత పెన్సిలు ఆగింది.

"పదిహేడు?"

"దీన్ని కొయ్యలేదండీ. కందిరీగలున్నాయని వదిలేశాను. క్రిస్టినా చూసింది."

టీచరు గారు వంగి కాలవ కేసి చూశారు. పదహారు, పదిహేడు, పద్దెనిమిది, ఒకటే గాడి. మట్టి మీద బోరు నీళ్ళు వదిలిన తెల్లటి పొర మూడింటి కిందా ఒకేలా ఉంది. ఆవిడ లేచి నిలబడడానికి చాలాసేపు పట్టింది.

"ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాను" అన్నారు చివరికి, ఎవరితోనో తెలీకుండా. "తప్పిన ఇరవై అయిదునే లెక్కపెట్టాను. తప్పని ఒక్కదాన్నీ చూడలేదు."

తర్వాత గేటు వైపు తిరిగి, "ఆటో అబ్బాయ్, సామాను దింపేసి నువ్వెళ్ళు" అన్నారు.

"ఆగండి" అన్నాడు కృపావరం. ట్రంకుపెట్టె ఇంకా అతని భుజం మీదే ఉంది. "దింపమంటే దింపడం, ఎత్తమంటే ఎత్తడమేనాండీ? ఉంటామో లేదో మమ్మల్ని అడగరా?"

టీచరు గారి మొహం ఎర్రబడింది. కృపావరం మాణిక్యం వైపు తిరిగాడు. "నాలుగు రోజులక్కా. గురువారం నుంచి. నా చేత్తో పెంచిన మొక్కల్ని నేనే చంపేశానేమోనని నేను కూడా నమ్మాను, తెలుసా? కోడూర్లో ఉప్పు, ఇక్కడా ఉప్పు, నా వెనకాలే వస్తందేమో అనుకున్నా."

మాణిక్యం నిలబడి వింది.

క్రిస్టినా పిల్లల వైపు చూసి, ముందుకొచ్చి భర్త భుజం మీది పెట్టెకి చెయ్యి ఆనించింది. "పిల్లది పదో తరగతండీ" అంది టీచరు గారితో. "మార్చి దాకా ఉంటాం. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత. మళ్ళీ ఏదన్నా ఎండితే మాత్రం ముందు మమ్మల్ని అడగండి."

"అడుగుతాను" అన్నారు టీచరు గారు.

పెట్టె దిగింది. ఆటో అతను సణుక్కుంటూ మంచం కోళ్ళు కింద పెట్టి వెళ్ళాడు. పిల్లలు బడికి పరిగెత్తారు. మబ్బు లేదు, ఎండ బానే ఉంది. మాణిక్యం స్పిరిటు సీసా, దూది తీసి, కత్తెర పట్టుకుని పదో మొక్క దగ్గరికి వెళ్ళింది.

"కత్తెర కృపావరానికియ్యి" అన్నారు టీచరు గారు. "ఎక్కడ కొయ్యాలో నువ్వు చెప్పు. కోసేది అతను."

మాణిక్యం చెయ్యి ఒక క్షణం ఆగింది. తొమ్మిదేళ్ళలో ఆ కత్తెర ఇంకో చేతిలోకి వెళ్ళలేదు. పిడి అతని వైపు తిప్పి అందించింది.

మధ్యాహ్నం దాకా అట్లా సాగింది. కృపావరం కోస్తాడు, కొమ్మ లోపల చూస్తారు. నడిమధ్యన గోధుమరంగు చుక్క. "ఇంకా కిందికి" అంటుంది మాణిక్యం. స్పిరిటు. మళ్ళీ కోత. మళ్ళీ చుక్క. "ఇంకా." తెల్లగా వచ్చేదాకా ఎవరూ ఊపిరి తీసుకోరు. వచ్చాక ఇంకో నాలుగు వేళ్ళు కోసి, రాగి మందు పూసి, ఇంకో దాని దగ్గరికి. కొన్ని మొక్కలు మోకాలెత్తుకి వచ్చేశాయి. ఇరవై రెండో నంబరు, ఘంటసాల పసుపుపచ్చ, నేల దాకా కోసినా తెలుపు కనబడలేదు. టీచరు గారు రిజిస్టర్లో ఆ పేరు మీద గీత గీసి పక్కకి తిరిగి నిలబడ్డారు. క్రిస్టినా కోసిన కొమ్మలన్నీ ఏరి మూల వేసి నిప్పంటించింది. ఆ ఇరవై అయిదులో పంతొమ్మిది నిలుస్తాయనిపించింది. అది కూడా చిగురేసినప్పుడు మాట.

చేతులు కడుక్కుంటుంటే టీచరు గారు దగ్గరికి వచ్చారు.

"నువ్వు నిజం చెప్పావు. అది నేను మర్చిపోను మాణిక్యం. కానీ ఇక ఈ గేట్లోకి కత్తెర పట్టుకుని రాకు. వస్తే నేను కూర్చుని నీ చేతుల్నే చూస్తూ ఉంటాను. అది నీకూ బావుండదు, నాకూ బావుండదు."

"అట్లాగేనండీ."

"మిగతా పది ఇళ్ళలో కూడా అదే బకెట్టేనా?"

"అదేనండీ."

"వాళ్ళకి చెప్తావా?"

మాణిక్యం తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. "నూరువరహాల వాళ్ళింటికి ఇప్పుడే వెళ్తానండీ. నిన్న ఒళ్ళు బాలేదని అబద్ధం చెప్పొచ్చాను."

మోపెడ్ స్టార్టు చేసింది. ముందు భాగంలో స్పిరిటు సీసా, చీరముక్కలో కత్తెర. వీధి మలుపు దాకా వెళ్ళిందో లేదో వెనక నుంచి కృపావరం గొంతు వినిపించింది.

"అక్కోయ్! బకెట్టు మర్చిపోయావ్!"

ఆవిడ ఆగింది, వెనక్కి మాత్రం తిరగలేదు. "ఉంచుకో. మొక్కలకి నీళ్ళు పోసుకో" అంది గట్టిగా. ఒక్క క్షణం ఆగి, "కుళాయి నీళ్ళే పొయ్యి" అంది.

"చెప్పావులే" అన్నాడు కృపావరం. ఆ మాటలో కోపం ఇంకా పోలేదు. కానీ బకెట్టు చేత్తో పట్టుకునే గేటు దగ్గర నిలబడ్డాడు, ఆవిడ బండి మలుపు తిరిగేదాకా.